పెరిగిపోయిన మొక్కల కంచెను చాటుగా మలచుకోవడం: ఏ కోత ఎవరికి తగినది?

నాటిన తొలి నాలుగైదేళ్లు ఇంటి చుట్టూ ఉన్న మొక్కల కంచె మన మాట వింటుంది. ఆ తరువాత రెండు మూడు వానాకాలాలు కత్తెర పడకపోతే అది పది అడుగులు దాటి కరెంటు తీగల వైపు చూస్తుంది. ఆకు అంతా పైకి చేరి, కింద మనిషి ఎత్తు వరకు బోసి కాండాలే మిగులుతాయి. దూరం నుంచి చూస్తే అది పెద్ద కంచె. అయితే వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నవారు వీధిలో వెళ్లే ప్రతి ఒక్కరికీ కనిపిస్తూనే ఉంటారు.

ఇలా కావడానికి కారణాలు రెండు. కొమ్మ కొనన ఉన్న మొగ్గ ఆక్సిన్ అనే హార్మోనును తయారుచేసి కింది మొగ్గలను నిద్రలో ఉంచుతుంది. పైన గొడుగులా విచ్చుకున్న ఆకు కిందికి వెలుతురు రానివ్వదు కాబట్టి అక్కడ ఉన్న ఆకులు కూడా క్రమంగా రాలిపోతాయి. అందువల్ల పై భాగాన్ని ముట్టుకోకుండా కిందిని ఒత్తుగా చేయడం సాధ్యం కాదు. ఎత్తు పోతే చాటు పోతుందన్న భయంతో చాలామంది పక్కలు మాత్రమే చెక్కించి పైభాగాన్ని వదిలేస్తారు. చాటునిచ్చేది కింది ఆరడుగులే అని, వాటి కోసం పై నాలుగడుగులను కొంతకాలం వదులుకోవడానికి సిద్ధపడాలని నేను గట్టిగా నమ్ముతాను. ఎంత వదులుకోవాలి, ఒకేసారా, విడతలుగానా అన్నదే అసలు ఎంపిక.

కత్తి పట్టే ముందు తేల్చుకోవలసినవి

మొదటిదీ, అన్నిటికన్నా ముఖ్యమైనదీ, మీ మొక్క ముదురు కాండం నుంచి చిగురిస్తుందా లేదా అన్న విషయం. ఇది మన రైతులకు కొత్త సంగతి కాదు. జామాయిల్ తోటను నరికితే మోళ్ల నుంచి పిలకలు లేచి మరో పంట చేతికి వస్తుంది. కోస్తాలో సరుగుడు వేసినవారు మాత్రం నరికిన తరువాత మోళ్లను నమ్ముకోకుండా మళ్లీ నారు తెచ్చి నాటుకుంటారు. కంచె మొక్కల్లోనూ ఈ రెండు తెగలు ఉన్నాయి. గోరింట మొదటి తెగలో అందరికన్నా ముందుంటుంది. రాజస్థాన్‌లోని పాలీ జిల్లా సోజత్ ప్రాంతంలో గోరింటను పొలాల్లో పంటగా వేసి, మొక్కను నేల దగ్గరగా కోసి ఆకు తీసుకుంటారు. అవే మొక్కలు మళ్లీ చిగురించి ఏళ్ల తరబడి పంటనిస్తాయి. అంతటి కోతను తట్టుకునే మొక్క మీ పెరటి కత్తెరకు చచ్చిపోతుందని భయపడనవసరం లేదు. తూజా అలా కాదు. పచ్చని భాగం దాటి లోపలి గోధుమరంగు కొమ్మలోకి కోస్తే అక్కడ మళ్లీ పచ్చదనం రాదు. అమెరికాలో స్థిరపడిన మనవాళ్ల ఇళ్ల వెనుక వరుసగా కనిపించే ఆర్బర్‌వైటీ కూడా ఈ జాతిదే కాబట్టి ఇక్కడ గోరింటకు చెప్పిన సలహాను అక్కడ దానికి వర్తింపజేయకూడదు.

రెండవది, ఎవరి చూపు నుంచి చాటు కావాలి అన్నది. వీధిలో నడిచేవారి చూపును ఆపడానికి ఆరడుగుల కంచె చాలు. ఎదురింటి మొదటి అంతస్తు కిటికీ సంగతి వేరు, దానికి కొద్దిగా లెక్క చూసుకోవాలి. ఆ కిటికీలో నిలబడినవారి కళ్లు నేల నుంచి 15 అడుగుల ఎత్తున, మీ కంచెకు 16 అడుగుల దూరంలో ఉన్నాయనుకుందాం. మీరు కుర్చీలో కూర్చుంటే మీ కళ్లు 4 అడుగుల ఎత్తున ఉంటాయి. కంచెకు 5 అడుగుల దూరంలో కూర్చుంటే దాదాపు ఆరున్నర అడుగుల కంచె ఆ చూపును ఆపుతుంది. 10 అడుగుల దూరంలో కూర్చుంటే ఎనిమిదింబావు అడుగులు, 20 అడుగుల దూరంలో కూర్చుంటే 10 అడుగులు కావాలి. అంటే కుర్చీలను కంచె దగ్గరికి జరుపుకుంటే మూడు నాలుగడుగుల ఎత్తు అవసరం లేకుండా పోతుంది. ఎత్తు తగ్గించడానికి మనసొప్పనివారు ముందుగా ఈ లెక్క వేసుకోవాలని నా మనవి.

మూడవది, ఎన్ని నెలలు చాటు లేకుండా ఉండగలరు అన్నది. నాలుగవది, ఆ తరువాత ఏడాదికి ఎన్నిసార్లు కత్తెర పట్టగలరు అన్నది. ఈ నాలుగో ప్రశ్నకు మనం సాధారణంగా మనకు మనమే ఆశాజనకమైన జవాబు చెప్పుకుంటాం. గత రెండేళ్లలో నిజంగా ఎన్నిసార్లు కత్తిరించారో ఆ సంఖ్యనే జవాబుగా తీసుకోవడం మంచిది.

ఏ మొక్క ఎంత కోతను ఓర్చుకుంటుంది

| మొక్క | ముదురు కాండం నుంచి చిగురు | మోకాలెత్తు కోత | గమనించవలసినది |
|---|---|---|---|
| గోరింట | బలంగా వస్తుంది | తగును | ముదురు కొమ్మలకు ముళ్లుంటాయి |
| మందార | బాగా వస్తుంది | తగును, విడతలుగా అయితే మేలు | లేత చిగుళ్లకు పిండినల్లి పడుతుంది |
| దురంత | త్వరగా వస్తుంది | తగును | పసుపు కాయలు విషపూరితం |
| గన్నేరు | మొదలు నుంచి కొత్త కొమ్మలు లేస్తాయి | తగును | మొక్క అంతా విషం, కోసిన కొమ్మలను కాల్చకూడదు |
| కాగితపు పూలు | బాగా వస్తుంది | తగును | ముళ్లు, మందపాటి చేతి తొడుగులు తప్పనిసరి |
| నరమామిడి | వస్తుంది గాని తీరు చెడుతుంది | వద్దు | తల కోస్తే నిటారు రూపం పోతుంది |
| సరుగుడు | దాదాపు రాదు | వద్దు | పచ్చగా ఉన్నంత మేరకే కత్తిరించాలి |
| తూజా | రాదు | వద్దు | పచ్చగా ఉన్నంత మేరకే కత్తిరించాలి |

మీ మొక్క ఈ పట్టికలో లేకపోతే, లేదా అది ఏ మొక్కో మీకే తెలియకపోతే, వానలు మొదలైన తరువాత కనిపించని మూలన ఉన్న ఒక్క కాండాన్ని మోకాలెత్తుకు కోసి నెల రోజులు ఆగండి. మోడు మీద మొగ్గలు ఉబ్బి చిగురు వస్తే మిగతా వరుసకు ధైర్యం చేయవచ్చు. కోయడానికి ముందు బెరడును గోటితో గీరి చూడాలి. కింద పచ్చగా తడిగా ఉంటేనే ఆ కాండానికి ప్రాణం ఉన్నట్టు.

మొదటి మార్గం: పైపై కత్తిరింపు

ఇది అందరూ చేసేది, ఖర్చు తక్కువది, ఒక పూటలో అయిపోయేది. పెద్ద కత్తెరతో బయటి ఆకును సమం చేస్తారు. ఆ రోజుకు కంచె చక్కగా కనిపిస్తుంది. కాని కోత ఎప్పుడూ బయటి పొర మీదే పడుతుంది కాబట్టి చిగురు కూడా అక్కడే వచ్చి, పైన దట్టమైన పెంకులా తయారవుతుంది. లోపల చీకటి పెరిగి, కింది బోసితనం మరింత ముదురుతుంది. కింద ఇంకా ఆకు నిలిచి ఉన్న కంచెకు, అంటే ఏడాది రెండేళ్లే పట్టించుకోని కంచెకు, ఇది సరిపోతుంది. సరుగుడు, తూజా ఉన్నవారికి మాత్రం వేరే దారి లేదు, పచ్చదనం ఉన్నంత వరకే పోవాలి. మిగిలినవారికి దీనిని నేను సిఫారసు చేయను.

రెండవ మార్గం: విడతలుగా దించడం

నాకు అన్నిటికన్నా నచ్చిన మార్గం ఇదే. దీనికి ఓపిక కావాలి గాని, ఏ రోజూ ఇల్లు బయలు పడదు.

మొదటి ఏడు పై ఎత్తును మీరు కోరుకున్న ఎత్తుకన్నా ఒక అడుగు తక్కువకు దించాలి. ఆరడుగుల కంచె కావాలంటే ఐదడుగుల దగ్గర పురికొస కట్టి దాని వెంట కోయాలి. ఆ పైన వచ్చే చిగురే ఒత్తుగా అల్లుకుని ఆరవ అడుగును నింపుతుంది. అదే ఏడు ఇంటి వైపున ఉన్న పక్క కొమ్మలను ప్రధాన కాండానికి జానెడు దూరం వరకు వెనక్కి కోయాలి. వీధి వైపు కొమ్మలను ముట్టుకోకూడదు, మీకు చాటునిచ్చేవి అప్పటికి అవే. ఇంటి వైపు చిగురు బాగా అల్లుకున్న తరువాత, రెండవ ఏడు వీధి పక్కను అదే విధంగా కోయాలి. మూడవ ఏడు లోపల అడ్డదిడ్డంగా ఉన్న, ఎండిన, ఒకదానితో ఒకటి రాసుకుంటున్న ముదురు కాండాలను మొదలంటా తీసివేయాలి.

మందార, గన్నేరు వంటివి నేల నుంచే అనేక కాండాలుగా లేస్తాయి కాబట్టి వాటికి మరో పద్ధతి ఉంది. ప్రతి ఏడూ అన్నిటికన్నా ముదురు కాండాల్లో మూడో వంతును నేలకు దగ్గరగా కోస్తూ పోతే మూడేళ్లకు కంచె మొత్తం కొత్త కాండాలతో నిండుతుంది. చూసేవారికి ఏ దశలోనూ కంచె నరికినట్టు అనిపించదు. మందార కొత్త కొమ్మల మీదే పూస్తుంది కాబట్టి పూజకు పూలు కోసుకునే ఇళ్లవారికి ఇది మరింత అనుకూలం.

ఈ మార్గంలో ఉన్న లోపం దాచకూడదు. మూడేళ్లపాటు ఒకే మనిషి, ఒకే ఆలోచనతో పని చేయించాలి. అద్దె ఇంట్లో ఉన్నవారు, ఏటా తోటమాలి మారేవారు, విదేశాల్లో ఉండి సొంత ఊళ్లోని ఇంటిని ఫోను మీద చూసుకునేవారు రెండవ విడత దగ్గరే ఆగిపోవడం నేను చాలాసార్లు చూశాను. అప్పుడు కంచె ఒక పక్క ఒత్తుగా, మరో పక్క బోసిగా మిగిలిపోతుంది.

మూడవ మార్గం: మోకాలెత్తుకు నరికి మళ్లీ పెంచడం

కింద పూర్తిగా బోసిపోయిన గోరింట, దురంత కంచెలకు ఇది త్వరగా ఫలితమిచ్చే మార్గం. వరుస మొత్తాన్ని ఒకటి నుంచి ఒకటిన్నర అడుగు ఎత్తుకు కోస్తే నేల దగ్గర నుంచే చిగురు వస్తుంది. కింది నుంచి ఒత్తుగా ఉండే కంచె కోరుకునేవారికి ఇంతకన్నా గట్టి పునాది మరొకటి లేదు.

రాజమండ్రిలో మా ఇంటి పడమటి కంచెను మేము రెండు భాగాలుగా, రెండు వేర్వేరు కాలాల్లో ఇలా కోయించాము. మొదటి భాగాన్ని, వేసవి సెలవుల్లో తీరిక దొరికిందని, రోహిణి కార్తెలో నరికించాము. ఏళ్లుగా ఆకు నీడలో మెత్తగా ఉన్న బెరడు మీద ఒక్కసారిగా పడమటి ఎండ పడేసరికి అది చిట్లి ఎండిపోయింది, గోరింట అయి ఉండి కూడా నాలుగైదు మొక్కలు తిరిగి లేవలేదు. రెండవ భాగాన్ని మరుసటి ఏడు మృగశిర దాటి రెండు మంచి వానలు పడిన తరువాత కోయించాము. అది దసరా నాటికి నడుమెత్తుకు, తరువాతి వేసవి ముగిసేసరికి తలెత్తుకు వచ్చింది. మొక్క ఒకటే, కోత ఎత్తు ఒకటే, మారినది కార్తె మాత్రమే.

ఈ మార్గంలో ఎక్కువమంది పొరపాటు పడేది కోతలో కాదు, కోత తరువాత. చిగుళ్లు రాగానే త్వరగా చాటు రావాలని వాటిని ఆపకుండా పైకి పోనిస్తారు. అవి కర్రల్లా నిటారుగా లేచి రెండేళ్లలో మళ్లీ పాత బోసి కంచెగానే మారతాయి. చిగురు జానెడు పెరిగినప్పుడల్లా సగానికి తుంచాలి. తుంచిన ప్రతి చోటా రెండు మూడు కొమ్మలు చీలుతాయి. తొలి ఏడాది ఇలా నాలుగైదుసార్లు చేస్తే ఎత్తు రావడం కొన్ని నెలలు ఆలస్యమవుతుంది గాని, వచ్చిన ప్రతి అడుగూ ఒత్తుగా వస్తుంది.

చాటు లేని నెలలకు తాటాకు దడి, వెదురు తడిక, లేదా నర్సరీల్లో వాడే ఆకుపచ్చ షేడ్‌నెట్ కట్టుకోవచ్చు. నెట్‌ను కంచెకు ఆనించకుండా వీధి వైపు రెండడుగులు ఎడంగా కట్టాలి, లేకపోతే చిగురుకు గాలి వెలుతురు అందవు. స్థలం ఉంటే ఆ నెట్ మీదికే బీర, చిక్కుడు పాదులు ఎక్కించుకుంటే కూర కూడా దొరుకుతుంది.

నాలుగవ మార్గం: పైభాగాన్ని ఉంచి, కింద మరో వరుస

ఎదురుగా రెండు మూడు అంతస్తుల ఇల్లు లేచినవారికి, లేదా నరమామిడి వరుస ఉన్నవారికి ఎత్తును వదులుకోవడం కుదరదు. అటువంటివారు ఉన్న మొక్కలను చిన్న చెట్లుగా ఉంచి, కింది ఎండు పుల్లలను శుభ్రం చేసి, ఇంటి వైపున నీడను తట్టుకునే పొట్టి మొక్కలను మరో వరుసగా నాటుకోవచ్చు. అక్కలైఫా, నూరువరహాలు పాక్షిక నీడలో పెరుగుతాయి. కాని పాత మొక్కల వేళ్లు నీటిని, ఎరువును లాగేసుకుంటాయి కాబట్టి కొత్త వరుసకు తొలి రెండేళ్లు విడిగా నీరు పెట్టాలి. కంచెకు, ఇంటికి మధ్య నాలుగడుగుల ఖాళీ అయినా లేనివారికి ఇది పనికిరాదు.

ఐదవ మార్గం: తీసివేసి కొత్తగా నాటడం

చెదలు పట్టి మొదళ్లు డొల్లయిన కంచెకు, చచ్చిన సరుగుడు వరుసకు ఇది తప్పదు. బతికి ఉన్న గోరింటకు మాత్రం అనవసరం, ఎందుకంటే లోతైన వేళ్లున్న పాత మోడు కొత్త మొక్కకన్నా త్వరగా ఎత్తు అందుకుంటుంది. నరమామిడి వంటి చెట్లను తీయించాలంటే, 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం చెట్ల నరికివేతకు అనుమతులను నిర్దేశిస్తుంది కాబట్టి, స్థానిక పురపాలక లేదా అటవీ సిబ్బందిని ముందే కనుక్కోవాలి.

కొత్తగా నాటేవారికి ఒక హెచ్చరిక. త్వరగా పచ్చని గోడలా లేస్తుందని కోనోకార్పస్‌ను ఎంచుకోకండి. తెలంగాణలో హరితహారం కింద దానిని నాటడం ఆపేశారు, గుజరాత్ ప్రభుత్వం 2023లో నాటడాన్నే నిషేధించింది. కడియం నర్సరీలకు వెళ్తే కంటికి నచ్చిన మొక్కలు వందలు కనిపిస్తాయి. ‘ముదురు కొమ్మ కోస్తే చిగురిస్తుందా’ అన్న ఒక్క ప్రశ్న అడిగి కొనుక్కోండి.

ఎవరికి ఏది

సొంత ఇంట్లో ఉంటూ, కంచె పక్కనే రోజూ కూర్చునేవారికి రెండవ మార్గమే తగినది. కింద పూర్తిగా బోసిపోయి, ఏడాది పాటు తడికతో సర్దుకోగలవారు మూడవ మార్గానికి వెళ్లాలి. వయసు పైబడి నిచ్చెన ఎక్కలేని దంపతులు కంచెను ఐదడుగుల దగ్గరే స్థిరపరచుకోవడం మంచిదని నా సలహా. నేల మీద నిలబడి చేయి చాపితే అందే ఎత్తు అది. ఏడాదికి ఒకటి రెండు కోతలకు మించి చేయించలేనివారు వేగంగా పెరిగే దురంతను విడతలుగా మలచబోతే నిరాశపడతారు. వారు మోకాలెత్తు కోత చేయించి, ఆ తొలి ఏడాది మాత్రం శ్రద్ధ పెట్టాలి. పసిపిల్లలు, మేకలు, ఆవులు ఉన్న ఇళ్లలో గన్నేరు కంచె ఉంటే దానిని బాగుచేసుకునేకన్నా గోరింటకు మారడం గురించి ఆలోచించాలి. ఈ ఒక్క సందర్భంలో బతికి ఉన్న కంచెను తీసేయమని చెప్పడానికి నేను వెనుకాడను.

ఏ మార్గమైనా తప్పనివి

కంచె అడ్డుకోత అడుగున వెడల్పుగా, పైన సన్నగా ఉండాలి. అడుగున మూడడుగులు, పైన రెండడుగులు ఉంటే ఆరడుగుల కంచెకు కింది ఆకు వరకు ఎండ అందుతుంది. గోడలా నిటారుగా చెక్కడం, అంతకన్నా పైన వెడల్పుగా వదిలేయడం కింది బోసితనానికి మొదటి మెట్టు. ఆ వాలు తోటమాలి కంటికి వదలకుండా రెండు చివరలా వాలుగా కర్రలు పాతి పురికొస లాగి చూపాలి.

బొటనవేలంత మందం వరకు సికేచర్‌తో (కొమ్మలు కోసే చేతి కత్తెరతో), అంతకు మించితే రంపంతో కోయాలి. కత్తితో నరికితే మోడు చీలి నీరు నిలుస్తుంది. మందపాటి కోతలకు బోర్డో పేస్టు పూయడం మంచిది. 100 గ్రాముల మైలుతుత్తాన్ని అర లీటరు నీటిలో, 100 గ్రాముల సున్నాన్ని మరో అర లీటరులో ప్లాస్టిక్ పాత్రల్లో విడిగా కలిపి, తరువాత రెండింటినీ ఏకం చేయాలి. అందులో ముంచిన ఇనుప చాకు మీద రాగిరంగు పూత కనిపిస్తే మరికొంత సున్నం కలపాలి.

కాలం విషయంలో, గోదావరి, కృష్ణా జిల్లాలకూ తెలంగాణకూ మృగశిర, ఆరుద్ర కార్తెలు అనువైనవి. ఈశాన్య రుతుపవనాల మీద ఆధారపడే నెల్లూరు, తిరుపతి ప్రాంతాల్లో పెద్ద కోతను సెప్టెంబరు వరకు ఆపి, అక్టోబరు వానలకు చిగురు అందేలా చూసుకోవాలి. కోతకు ముందు రోజు పొడవైన కర్రతో కంచెను అడుగు నుంచి తట్టాలి, దట్టమైన కంచెలు పాములకు, కందిరీగలకు ఇష్టమైన చోట్లు. పిగిలిపిట్ట గూడు గాని, ఆకులు కుట్టిన పిట్ట గూడు గాని కనిపిస్తే పిల్లలు ఎగిరిపోయే వరకు ఆ నాలుగడుగుల మేర వదిలి మిగతాది కోయించండి. తీగలకు తగిలే కొమ్మలను విద్యుత్ సిబ్బందికి చెప్పి, సరఫరా ఆపించిన తరువాతే ముట్టుకోవాలి.

కోసిన వారంలో మొదళ్ల చుట్టూ మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి వేసి, ఎండిన ఆకులతో కప్పాలి. చిగురు త్వరగా రావాలని యూరియా చల్లితే లేత కొమ్మలు మెత్తగా పెరిగి పేనుబంకకు ఆహారమవుతాయి. వానలు పది రోజులు మొహం చాటేస్తే నీరు పెట్టాలి. మృగశిరలో కోస్తే తొలి చిగురు జానెడయ్యేది సాధారణంగా ఆషాఢంలో, ఇంట్లో ఆడపిల్లలు గోరింటాకు కోసే రోజుల్లోనే. మీ కంచె గోరింటదైతే ఆ చిగుళ్ల సగాలను వాళ్లనే తుంచుకోనివ్వండి, మొదటి విడత తుంచడం దానితోనే పూర్తవుతుంది.